ఎయిర్ రైఫిల్ ముందు సైటు మార్చాలంటే: ఏది ఎంచుకోవాలి, ఎలా సరిచూసుకోవాలి

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టినవాళ్లు డబ్బు ఖర్చు పెట్టే వరుస దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు జాకెట్, ఆ తరువాత షూస్, వీలైతే మంచి వెనుక సైటు. ముందు సైటు దగ్గరికి వచ్చేసరికి రైఫిల్ పెట్టెలో ఏది వచ్చిందో అదే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. లేదంటే పక్క లేన్‌లో ఎవరో పెద్ద షూటర్ వాడుతున్నది చూసి, ఉన్నదాన్ని తీసేసి ఖరీదైన ఐరిస్ (రింగు వ్యాసం మార్చుకోగలిగే సైటు) తెప్పించుకుంటారు. రెండూ ఆలోచించి చేసిన పనులు కావు. ముందు సైటు అంటే బ్యారెల్ కొసన ఉండే రింగు; వెనుక సైటు రంధ్రంలోంచి చూస్తూ టార్గెట్ నలుపును ఆ రింగు మధ్యలో పెట్టి గురి చూస్తారు. అందులో మొదట తేల్చుకోవలసింది రింగు కొలత. రెండోది బిగింపు. కంపెనీ పేరు ఈ రెండింటి తరువాతే.

అంత చిన్న భాగానికి ఇంత చర్చ ఎందుకు అంటారా? ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకోండి. ముందు సైటు 0.1 మి.మీ. పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ 1.25 మి.మీ. పక్కన పడుతుంది. దశాంశ స్కోరింగ్‌లో ఒక్కో పదో వంతు పాయింటు 0.25 మి.మీ. అంటే ఒక మందపాటి కాగితమంత కదలికకు అర పాయింటు పోయినట్టే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచాడు. రజతం గెలిచిన ఇటలీ షూటర్ స్కోరు 701.5. తేడా 0.4. టార్గెట్ మీద అది ఒక్క మిల్లీమీటరు, ముందు సైటు దగ్గర 0.08 మి.మీ.

రింగు కొలత: చిన్నదైతే మంచిదన్న భ్రమ

పోటీ టార్గెట్‌లో నల్లటి భాగం వ్యాసం 30.5 మి.మీ. కంటికీ ముందు సైటుకూ మధ్య సుమారు 90 సెంటీమీటర్లు ఉంటే, ఆ నలుపు ముందు సైటు ఉన్నచోట 2.75 మి.మీ. వెడల్పున కనిపిస్తుంది. 30.5ను 0.9తో గుణించి 10తో భాగించడమే లెక్క. మీ రైఫిల్‌కు మీరే చేసుకోవచ్చు. భుజానికి ఎత్తి గురి చూస్తున్నప్పుడు ఇంకొకరిని టేపు పట్టమనండి.

ఇప్పుడు ఆ నలుపు చుట్టూ 3.2 మి.మీ. రింగు పెట్టారనుకుందాం. రెండు పక్కలా మిగిలే తెల్లటి సందు 0.22 మి.మీ. అంత దూరం నుంచి చూస్తే అది డిగ్రీలో అరవయ్యో వంతు కంటే కూడా తక్కువ. మామూలు ఆరోగ్యమైన కన్ను విడిగా గుర్తుపట్టగలిగే హద్దు దాదాపు అంతే. అందుకే అలాంటి రింగులో తెలుపు కాసేపు కనిపిస్తుంది, కాసేపు మాయమవుతుంది. షూటర్ నిర్ధారించుకోవడానికి ఇంకో రెండు సెకన్లు పట్టి ఉంచుతాడు, ఈలోపు చెయ్యి వణకడం మొదలవుతుంది, కన్ను అలిసిపోతుంది. ట్రిగ్గర్ తప్పు అని కోచ్ అంటాడు. ట్రిగ్గర్‌లో ఏ తప్పూ ఉండదు.

అదే 4.0 రింగు పెడితే సందు 0.63 మి.మీ. చుట్టూ తెలుపు సమానంగా ఉందా లేదా అన్నది కన్ను వెంటనే పట్టేస్తుంది. ఒక వృత్తం ఇంకో వృత్తం మధ్యలో ఉందో లేదో పసిగట్టడంలో మన కన్ను చాలా గట్టిది, కాకపోతే దానికి చూడటానికి తెలుపు కావాలి. రింగు నలుపు కంటే 1.4 నుంచి 1.6 రెట్లు ఉండాలన్నది నా లెక్క. 90 సెంటీమీటర్ల దూరానికి అది 3.9 నుంచి 4.4 దాకా వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల రైఫిల్ ఎక్కువగా ఊగుతుంది, కాబట్టి పై కొసన, 4.2 లేదా 4.3తో మొదలుపెట్టడం మేలు. పట్టు కుదిరాక 0.1 చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. గ్రూపు, అంటే వరుస షాట్ల గుత్తి, చిన్నదవడం ఆగిన చోట ఆగండి. అంతకంటే కిందికి వెళ్లడం వల్ల వచ్చేది ఏమీ లేదు.

ట్యూబులైట్ల వెలుతురులో నడిచే రేంజిలో ఒక కొలత ఎక్కువే పెట్టుకోవాలి. టార్గెట్ మీద వెలుతురు తగ్గితే తెల్లటి సందు ఇంకా ఇరుకుగా అనిపిస్తుంది.

లోహపు ఇన్సర్టా, రంగు ప్లాస్టిక్కా, ఐరిసా?

రైఫిల్‌తో వచ్చేవి సాధారణంగా లోహపు ఇన్సర్టులు. పలుచటి రేకులో మధ్యన రింగు, దాన్ని పట్టి ఉంచడానికి రెండు పక్కలా సన్నటి చేతులు. వీటిని చిన్నచూపు చూస్తారు కానీ ఆ రెండు చేతులే పెద్ద లాభం. రైఫిల్ పక్కకు ఒరిగితే అవి టార్గెట్ కార్డు అంచుతో కోణం చేస్తాయి, వెంటనే తెలుస్తుంది. ఖర్చు తక్కువ, చెడిపోయేది ఏమీ లేదు. లోపం ఒక్కటే. పెట్టెలో వచ్చే సెట్టులో కొలతలు పెద్ద పెద్ద అంగలతో ఉంటాయి, మీకు కావలసిన 4.1 అందులో ఉండకపోవచ్చు. రింగు అంచు మందం కూడా మీ చేతిలో ఉండదు.

పారదర్శక ప్లాస్టిక్ ఇన్సర్టులో రింగు ఉండదు, ఏటవాలుగా కోసిన రంధ్రం ఉంటుంది. ఆ అంచే సన్నటి గీతలా కనిపిస్తుంది. చూపుకు అడ్డు తక్కువ, వెలుతురు ఎక్కువ, కొలతలు 0.1 తేడాతో దొరుకుతాయి. నారింజ, పసుపు లాంటి రంగుల్లోనూ వస్తాయి. తెల్ల కార్డు నుంచి వచ్చే మెరుపు కంటికి ఇబ్బంది పెడితే లేత రంగు ఉపశమనం ఇస్తుంది. అయితే వేలి ముద్ర పడిందంటే చూపు మసకబారుతుంది. తడి గుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. వెనుక నుంచి కిటికీ వెలుతురు వచ్చే రేంజిలో ప్లాస్టిక్ మీద ప్రతిబింబం కూడా పడుతుంది. ఆదివారం పూట వరండాలో వేసిన పది లేన్ల రేంజిలో సాధన చేసేవాళ్లు ఈ విషయం చూసుకుని కొనాలి. పైగా చేతులు ఉండవు కాబట్టి ఒరుగు తెలియదు.

ఐరిస్ అంటే బయటి చక్రం తిప్పితే రింగు వ్యాసం పెరిగి తగ్గే సైటు. కొన్నింటిలో అంచు మందం కూడా మారుతుంది. సెంట్రా, గేమాన్, ఎంఈసీ, ఏహెచ్‌జీ లాంటి జర్మన్ కంపెనీలవే ఎక్కువగా చూస్తాం. అడ్డగీతలు ఉన్న రకాలూ వస్తాయి. సౌలభ్యం విషయంలో దీనికి సాటి లేదు. సైటింగ్ షాట్ల (స్కోరులోకి రాని, గురి సరిచూసుకునే షాట్ల) మధ్యలో లేన్ వదలకుండా కొలత మార్చుకోవచ్చు. కానీ ఒక విషయం నిక్కచ్చిగా చెప్పాలి. ఐరిస్ వల్ల స్కోరు పెరగదు. మీకు ఏ కొలత కుదురుతుందో కనుక్కోవడం తేలికవుతుంది, అంతే. కనుక్కున్నాక అదే కొలత ఉన్న లోహపు ఇన్సర్టు అంతే పని చేస్తుంది. ఇంకో బెడద కూడా ఉంది. తిప్పడానికి వీలున్నది చేతికి దొరికితే మనిషి తిప్పకుండా ఉండలేడు. రెండు తొమ్మిదులు పడగానే రింగు తిప్పే కుర్రవాళ్లను ఏ రేంజిలోనైనా చూడవచ్చు.

నా ఎంపిక ఇది. క్లబ్బుకు ఒక ఐరిస్ ఉండాలి, అందరూ దానితో ఒక్కొక్క వారం కొలత తేల్చుకోవాలి. తరువాత ఎవరికి వారు ఆ కొలతకు అటూ ఇటూ ఉండే మూడు ఇన్సర్టులు కొనుక్కోవాలి. మొదటి రెండేళ్లలో సొంత ఐరిస్ అక్కర్లేదు. 600లో 580 దాటి, జాతీయ స్థాయి పోటీలకు ఊరూరా తిరుగుతూ, ప్రతి చోటా వేరే వెలుతురులో కాల్చేవాళ్లకు మాత్రం అది నిజంగా పనికొస్తుంది. నలభై దాటిన షూటర్లకు కూడా కొనమంటాను. దగ్గరి చూపు తగ్గే వయసులో మందపాటి అంచు, కాస్త పెద్ద రింగు కావాలి, అది రోజును బట్టి మారుతుంది. కంటి అద్దం అవసరమైతే షూటింగ్ కళ్లజోడులో పెట్టుకోవచ్చు. ముందు సైటులో భూతద్దం పెట్టడం మాత్రం అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకోవు, అమ్మేవాళ్లు అమ్ముతున్నా సరే.

18 లేక 22?

ఇన్సర్టు కూర్చునే గొట్టం, అంటే టన్నెల్, రెండు ప్రధాన కొలతల్లో వస్తుంది. 18, 22 మి.మీ. దేని ఇన్సర్టు దానికే పడుతుంది. 22లో చూపు విశాలంగా ఉంటుంది, పక్క టార్గెట్ నంబర్లు కూడా కనిపిస్తాయి, పొరపాటున పక్కవాళ్ల కార్డు మీద కాల్చే ప్రమాదం తగ్గుతుంది. 18లో కూడా గొట్టం అంచు, కన్ను మధ్యలో ఉందో లేదో చెబుతుంది. కొత్తవాళ్లకు నేను 18 చాలంటాను. క్లబ్బులో తోటివాళ్ల దగ్గర అదే ఉంటుంది, ఇన్సర్టు అరువు దొరుకుతుంది. నిబంధనల ప్రకారం గొట్టం వ్యాసం 25, పొడవు 50 మి.మీ. మించకూడదు. రెండు రకాలూ ఆ లోపే.

సైటును ముందుకు జరిపే గొట్టాలు

బ్యారెల్ కొసన గొట్టం బిగించి ముందు సైటును మరో 10 సెంటీమీటర్లు ముందుకు తీసుకెళ్లే పద్ధతి ఉంది. సైట్ల మధ్య దూరం 80 నుంచి 90కి పెరిగితే, 0.1 మి.మీ. పొరపాటుకు పెల్లెట్ 1.25కు బదులు 1.11 మి.మీ. తప్పుతుంది. లాభం నిజమే, కానీ చిన్నది. దానికి చెల్లించే మూల్యం చూడండి. బరువు మొనకు చేరుతుంది, 14 ఏళ్ల పిల్లల ఎడమ చేయి గంటంపావు పోటీలో 60 షాట్లు ఆ బరువు మొయ్యాలి. ఊగు కూడా కంటికి ఎక్కువగా కనిపిస్తుంది. రింగు కొలత మళ్లీ మొదటి నుంచి లెక్కించాలి. కంటి నుంచి సైటు మీటరు దూరానికి వెళితే నలుపు 3.05 మి.మీ. అవుతుంది, 4.0 వాడినవాళ్లకు 4.4 కావాలి. ఈ సంగతి చెప్పకుండా గొట్టం అమ్ముతారు, కొన్నవాళ్లు పాత రింగే పెట్టుకుని ఇబ్బంది పడతారు. ఎదుగుతున్న పిల్లలకు వద్దు. పెద్దవాళ్లు, నిలకడ వచ్చినవాళ్లు ప్రయత్నించవచ్చు. అయితే రైఫిల్ యంత్రాంగం వెనుక కొస నుంచి, గొట్టంతో సహా కనిపించే మొన దాకా 850 మి.మీ. హద్దు, రైఫిల్ మొత్తం బరువుకు 5.5 కిలోల హద్దు గుర్తుంచుకోవాలి.

ఓపెన్ సైట్ విభాగం సంగతి

పాఠశాల క్రీడల్లోనూ, రాష్ట్ర స్థాయి పోటీల్లోనూ పీప్ సైట్ (ఇంతవరకూ చెప్పుకున్న రంధ్రం, రింగు రకం)తో పాటు ఓపెన్ సైట్ విభాగం కూడా ఉంటుంది. అక్కడ రింగు ఉండదు, ముందు నిలువు పోస్టు, వెనుక గాడి. నలుపు కింది అంచుకు పోస్టు పైకొస మధ్య సన్నటి తెల్ల గీత వదిలి గురి చూస్తారు. ఇక్కడ ఎంపిక చాలా సులభం. పోస్టు పైకొస చదునుగా, పక్క అంచులు పదునుగా ఉండాలి, వెడల్పు నలుపు కనిపించే వెడల్పుకు దగ్గరగా, అంటే 2.5 నుంచి 3 మి.మీ. మధ్య ఉండాలి. గాడిలో రెండు పక్కలా వెలుతురు గీతలు స్పష్టంగా కనిపించాలి. సూదిలాంటి సన్న పోస్టు వేటకు బాగుంటుందేమో కానీ కార్డు మీద పనికిరాదు.

స్ప్రింగ్ రైఫిల్‌లో పోస్టు అరిగిపోతేనో వంగితేనో మార్చాలి. ఎత్తు లెక్క ముందే వేసుకోండి. సైట్ల మధ్య 45 సెంటీమీటర్లు ఉన్న రైఫిల్‌లో గ్రూపు 10 మి.మీ. కింద పడుతుంటే పోస్టు 0.45 మి.మీ. ఎక్కువ ఎత్తున్నట్టు. ముందుగా వెనుక సైటు పైకి లేపి చూడండి. అది చాలకపోతేనే ఆకురాయి పట్టండి, నాలుగైదు గీతలకొకసారి కాల్చి చూడండి. అరగదీసింది మళ్లీ అతికించలేరు. పక్కకు జరపవలసి వస్తే గాడిలో ఉన్న సైటును ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టాలి, ఇనుముతో కాదు. ఎటు జరపాలన్న దాని మీద అందరికీ తికమక. ముందు సైటు పెల్లెట్ పోయిన వైపుకే వెళ్లాలి. గ్రూపు కుడికి పడితే సైటును కుడికి, పైకి పడితే సైటును పైకి. వెనుక సైటు సరిగ్గా దీనికి వ్యతిరేకం, పెల్లెట్ ఎటు రావాలో అటు తిప్పాలి.

బిగింపు, సరిచూడటం

పీప్ సైట్ రైఫిల్‌లో ముందు సైటు బ్యారెల్ మీది గాడి పట్టీకి స్క్రూలతో బిగుసుకుంటుంది. పని మొదలుపెట్టే ముందు రైఫిల్ ఖాళీ అని చూసుకుని, బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ పెట్టండి. పాత సైటు ఎక్కడ ఉందో పట్టీ పక్కన పెన్సిల్ గీత పెట్టి, వెనుక సైటు క్లిక్కులు (దాని మర తిప్పినప్పుడు పడే టిక్కుల లెక్క) పుస్తకంలో రాసుకోండి. ఫోనులో ఫోటో తీస్తే ఇంకా మంచిది. పట్టీ మీద నూనె, ధూళి లేకుండా తుడవండి. జిడ్డు మీద ఎంత బిగించినా సైటు మెల్లగా జారుతుంది.

రెండు స్క్రూలు ఉంటే ఒకటి పూర్తిగా బిగించి రెండోది ముట్టుకోవడం సరికాదు. ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. పొడవాటి అలెన్ కీతో బలమంతా పెడితే అల్యూమినియం మర పోతుంది, పొట్టి కీ చాలు. ఇన్సర్టుకు ఉన్న చిన్న చెవులు గొట్టంలోని గాడుల్లో సరిగ్గా కూర్చున్నాయా అని చూడండి. ఇక్కడ వదులుంటే రింగు తనంతట తానే కొంచెం తిరుగుతుంది, రైఫిల్ నిటారుగా ఉన్నా ఒరిగినట్టు చూపిస్తుంది. మీరు దాన్ని నమ్మి రైఫిల్‌నే ఒరగబెడతారు.

ఒరుగు ఎంత నష్టమో లెక్క చూద్దాం. సెకనుకు సుమారు 172 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ 10 మీటర్లు చేరేలోపు దాదాపు 17 మి.మీ. కిందికి దిగుతుంది. ఆ మేరకు బ్యారెల్ పైకి చూసేలా సైట్లు సర్దుకుని ఉంటాయి. రైఫిల్ 5 డిగ్రీలు కుడికి ఒరిగితే పెల్లెట్ దాదాపు 1.5 మి.మీ. కుడికి, కాస్త కిందికి పడుతుంది. అర పాయింటు పైమాటే. ఎప్పుడూ ఒకే కోణంలో ఒరగబెట్టేవాళ్లకు బాధ లేదు, చాలామంది మంచి షూటర్లు మెడ నిటారుగా ఉండటం కోసం రైఫిల్‌నే ముఖం వైపు కొంచెం వంచుతారు. అలాంటివాళ్లు ముందు సైటును ఆ వంపుకు తగ్గట్టు తిప్పి బిగించుకుంటే, గురి చూసేటప్పుడు అడ్డగీతలు సమంగా కనిపిస్తాయి. నష్టం ఒక షాట్‌కు మూడు డిగ్రీలు, ఇంకో షాట్‌కు ఆరు అయినప్పుడే.

నిటారుగా పట్టేవాళ్లు సైటును సరిచూసే పద్ధతి తాపీమేస్త్రీది. రైఫిల్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టి, వెనుక సైటు కూర్చునే చదును మీద చిన్న రసమట్టం ఉంచి బుడగ మధ్యకు తెండి. టార్గెట్ దగ్గర ఒక దారానికి బరువు కట్టి వేలాడదీయండి. ఇప్పుడు వెనుక సైటులోంచి చూస్తే ఇన్సర్టు అడ్డచేతులు దారానికి లంబంగా ఉండాలి. లేకపోతే స్క్రూలు వదులు చేసి గొట్టాన్ని కొద్దిగా తిప్పి, మళ్లీ బిగించి, మళ్లీ చూడాలి. బిగించేటప్పుడు సైటు మళ్లీ తిరుగుతుంది కాబట్టి రెండు మూడు సార్లు తప్పదు. ముందు సైటు బ్యారెల్ నడిమికి అర మిల్లీమీటరు పక్కన ఉందని మాత్రం కంగారు పడకండి. ఎప్పుడూ 10 మీటర్లే కాల్చేవాళ్లకు అది వెనుక సైటు క్లిక్కులతో సర్దుకుంటుంది.

కొత్త సైటు ఎత్తు పాతదానితో పోల్చి వెర్నియర్‌తో కొలవండి. 1 మి.మీ. ఎత్తు పెరిగితే పెల్లెట్ 12 మి.మీ.కు పైగా కిందికి, అంటే ఆరో రింగు దాకా పోతుంది. ముందే తెలిస్తే వెనుక సైటును ఆ మేరకు లేపి మొదలుపెట్టవచ్చు. అంతర్జాతీయ నిబంధనల్లో బ్యారెల్ మధ్యగీత నుంచి ముందు రింగు మధ్య దాకా 80 మి.మీ. హద్దు ఉంది. సైటు కింద ఎత్తు దిమ్మెలు పెట్టుకునేవాళ్లు అది చూసుకోవాలి.

ఆ తరువాత ఆనించి కాల్చండి, ఐదేసి షాట్ల గ్రూపులు. ఒక్క షాట్ చూసి క్లిక్కు తిప్పడం మొదలుపెడితే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు. గ్రూపు మధ్యను చూసి, ముందు ఎత్తు, తరువాత పక్క. మధ్యకు వచ్చాక నిలబడి ఇంకో రెండు గ్రూపులు కాల్చండి. నిలబడినప్పుడు మధ్య కొంచెం మారడం మామూలే, ఆఖరి క్లిక్కు అక్కడే పెట్టాలి.

పోటీకి ముందు వారంలో ముందు సైటు జోలికి పోవద్దు. పోటీ రోజున మాత్రం అది ఉన్నచోటే ఉందో లేదో చూడకుండా లేన్ ఎక్కవద్దు. 2008 బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, ఫైనల్‌కు ముందు తన సైట్లు కదిలి ఉన్నాయని, సైటింగ్ షాట్ ఎక్కడికో పోయిందని తరువాత చెప్పాడు. ఆ కొద్ది సమయంలోనే సరిచేసుకుని కాల్చాడు. పెన్సిల్ గీత, పుస్తకంలో రాసుకున్న క్లిక్కులు ఉంటే ఆ పని అర నిమిషంలో అయిపోతుంది. బస్సులోనో రైల్లోనో పెట్టె కుదుపులు తిన్న ప్రతిసారీ, కొత్త సైటు బిగించాక మొదటి 200 షాట్ల తరువాత ఒకసారి, స్క్రూలు అలెన్ కీతో తాకి చూసుకోండి. కొత్త స్క్రూ ఎంతో కొంత వదులవుతుంది.